జీతం అడిగితే గీత చెప్తున్నారు, ఏం చెయ్యాలి?

లెక్కలసారు_పర్లా
మూడు నెలలుగా జీతం లేదు. పర్లాకిమిడి దగ్గర ఒక ప్రైవేటు స్కూలు, పేరు చెప్పను, చెప్తే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకి లెక్కలు చెప్తాను. మొన్న శనివారం ధైర్యం చేసి యజమాని గదిలోకి వెళ్ళి అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, వెనక గోడకున్న కృష్ణార్జునుల క్యాలెండర్ వైపు చెయ్యి చూపించి "కర్మణ్యేవాధికారస్తే మా ఫలేషు కదాచన. మీరే పదిమందికి చెప్పేవారు, మీకు నేను చెప్పాలా మాస్టారూ?" అన్నాడు. ఆ క్యాలెండర్ మీద కృష్ణుడి రథం కింద ఎరువుల కొట్టు ఫోన్ నంబరు ఉంది. నేను ఆ నంబరే చూస్తూ నిలబడి, ఏమీ అనకుండా వచ్చేశాను. కోపం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే వచ్చింది.

నాకు గీత అంటే గౌరవమే. మా నాన్నగారు రోజూ స్నానం చేశాక ఒక అధ్యాయం చదివేవారు. అందుకే ఇంకా మండుతోంది. ఆ శ్లోకానికి అర్థం నిజంగా అదేనా? జీతం అడగడం ఫలాపేక్ష కిందకి వస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి. తెలియనివాళ్ళు కూడా చెప్పండి, ఎలాగూ చెప్తారు.

చద్దన్నం
ఫీజు కట్టే కిటికీ దగ్గర కూడా అదే క్యాలెండర్ ఉందేమో చూడు బావా. అక్కడ మాత్రం ఫలేషు సదాచన అయి ఉంటుంది.

ఎందుకు_ఎందుకు
అర్థం అదే. ఇందులో ఆశ్చర్యపోడానికి ఏముంది? పని నీది, పంట నాది అని చెప్పడానికి ఇంతకన్నా మంచి శ్లోకం లేదు. పొలం ఉన్నవాడు కూలివాడికి చెప్తాడు, అత్త కోడలికి చెప్తుంది. కోడలు అత్తకి చెప్పగా నేనైతే వినలేదు.

పాతపుస్తకం
ముప్పై ఏళ్ళు సంస్కృతం, తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

రెండో అధ్యాయం 47వ శ్లోకానికి నాలుగు పాదాలు. అందరికీ మొదటి పాదం, రెండో పాదం వస్తాయి: పని మీదే నీకు అధికారం, ఫలాల మీద ఎప్పుడూ కాదు అని. మూడోది "మా కర్మఫలహేతుర్భూః", నాలుగోది "మా తే సంగోఽస్త్వకర్మణి". నాలుగోదానికి అర్థం: పని చెయ్యకపోవడం మీద నీకు మోజు కలగకూడదు. జీతం ఇవ్వడం కూడా ఒక పనే కదా. మీ యజమాని చెయ్యవలసిన కర్మ అది. ఆయన తన అకర్మకి మీ కర్మని అడ్డం పెట్టుకున్నాడు. శ్లోకం సగంలో ఆపేసినవాళ్ళతో వచ్చే చిక్కు ఇదే.

రెండో సంగతి. జీతం "ఫలం" కాదు నాయనా, అప్పు. నువ్వు లెక్కలు చెప్తే పిల్లలకి లెక్కలు వస్తాయో రావో, పదిలో ఎన్ని మార్కులొస్తాయో, వాళ్ళు రేపు నిన్ను గుర్తుపెట్టుకుంటారో లేదో, అది ఫలం. నెల తిరిగేసరికి ఇస్తానని ఒప్పుకున్న డబ్బు ఫలం ఎలా అవుతుంది? ధర్మశాస్త్రాల్లో వివాదాలను పద్దెనిమిది రకాలుగా విడగొట్టారు, మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం మొదట్లోనే ఆ పట్టీ ఉంటుంది. అందులో అప్పు తీర్చకపోవడం, దాచమని ఇచ్చిన సొమ్ము గొడవలు, సరిహద్దు తగాదాలు, వాటి మధ్యలో జీతం ఇవ్వకపోవడం అని విడిగా ఒక పద్దు ఉంది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో జీతం ఎగ్గొట్టినవాడికి జరిమానా కూడా రాసిపెట్టాడు: జీతంలో పదోవంతు, లేదా ఆరు పణాలు, అంటే ఆ కాలపు నాణేలు. అసలు నేను ఇవ్వక్కర్లేదు అని బుకాయిస్తే ఇంకా ఎక్కువ. ఫలాపేక్ష వదలమని అర్జునుడికి చెప్పిన దేశమే జీతం ఎగ్గొట్టినవాడికి జరిమానా వెయ్యమని కూడా చెప్పింది. రెండూ కలిపి చదవాలి.

లెక్కలసారు_పర్లా
మాస్టారూ, ఈ ఆరు పణాల సంగతి నాకు శనివారమే తెలిసుంటే ఎంత బాగుండేది. ఇప్పటి లెక్కలో ఎంతవుతుంది?

చద్దన్నం
లెక్కలసారువి నువ్వే కదా, త్రైరాశికం వెయ్యి.

జీడితోట
నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు, కాశీనగర్ దగ్గర మాకు మూడెకరాల జీడితోట. మాస్టారు చెప్పింది బాగుంది గానీ నాకు వేరే డౌటు ఉంది. జీతం సంగతి వదిలెయ్యండి. అసలు ఫలం మీద ఆశ లేకుండా ఎవడైనా మొక్క నాటుతాడా?

2018 అక్టోబరు 11 తెల్లారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. అంతకు ముందు 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర దాటింది, మాకు కొమ్మలతో పోయింది. తిత్లీ అలా కాదు. తెల్లారి గాలి కాస్త తగ్గాక తోటలోకి వెళ్తే మా నాన్న నాటిన చెట్లు వేళ్ళు పైకెత్తి పడి ఉన్నాయి. ఒక్కో చెట్టు వేళ్ళకి మట్టిగడ్డ మంచం అంత. తోటంతా పచ్చి సొన వాసన. నేను చెట్లు లెక్కపెట్టడం మొదలెట్టి ముప్పై దాటాక మానేశాను. మా నాన్న మాత్రం గట్టు మీద కూర్చుని ఒక్క మాట అన్నాడు, "రంపం తెచ్చావా?" అని. ఆ తర్వాత నెలన్నర అదే పని. కోసి, వంటచెరుకు కింద అమ్మి, వేళ్ళు పెకలించి, మళ్ళీ గుంటలు తవ్వి అంటుమొక్కలు పెట్టాం. మూడో ఏడు పూత మొహం చూశాం.

ఇప్పుడు చెప్పండి, ఇది నిష్కామ కర్మా? నాకు జీడిపిక్కలు కావాలనే నాటాను. పిక్కలమ్మి మా చెల్లి పెళ్ళి అప్పు తీర్చాలనే నాటాను. ఆశ లేదని చెప్తే అబద్ధం.

పాతపుస్తకం
మీరు తెలియకుండానే కుమారిలభట్టు పక్షాన నిలబడ్డారు, వేదంలోని యజ్ఞకర్మల మీద విచారణ చేసే మీమాంస శాస్త్రంలో పెద్ద పండితుడు. "ప్రయోజనమనుద్దిశ్య న మందోఽపి ప్రవర్తతే" అన్నాడాయన, ప్రయోజనం లేకుండా మందబుద్ధి కూడా కదలడు అని. మీమాంసకులు అంతే, స్వర్గం కావాలన్నవాడే యాగం చెయ్యాలి అంటారు. కాబట్టి మీ డౌటు పాతదీ, పెద్దదీ.

నా సమాధానం ఇది. మొక్క జీడిదే ఎందుకు, అంటు ఎందుకు, గుంట ఎంత లోతు, ఇవన్నీ ప్రయోజనం చూసే నిర్ణయిస్తాం. గీత దాన్ని కాదనలేదు. పద్దెనిమిదో అధ్యాయంలో ఒక పని జరగడానికి ఐదు కారణాలు చెప్పింది: చోటు, చేసేవాడు, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. మీ తోటలో మొదటి నాలుగూ మీ దగ్గరున్నాయి. ఐదోది ఆ తెల్లారుజామున సముద్రం మీంచి వచ్చింది. "నేనే చేశాను, కాబట్టి పంట నాకు రాసిపెట్టి ఉంది" అనుకున్నవాడు ఆ రోజు కూలబడిపోతాడు. మీ నాన్నగారు రంపం అడిగారు.

జీడితోట
మా నాన్న గీత చదవలేదు మాస్టారూ. ఆయనకి సంతకం కూడా రాదు. రంపం అడిగింది కూడా వేదాంతంతో కాదు, తడి కర్రకి చెద పడితే వంటచెరుకు కింద కూడా పనికిరాదని. కానీ మీరన్నాక ఒకటి గుర్తొచ్చింది. గుంట తవ్వుతున్నప్పుడు మాత్రం పిక్కల ధర బుర్రలోకి రాలేదు. కింద రాయి తగులుతోందా, పలుగు ఎక్కడ పెట్టాలి, అంతే. ధర గుర్తొచ్చింది రాత్రి పడుకున్నాకే.

చద్దన్నం
అసలు జీడిమామిడిని చూసి నేర్చుకోవాలి. లోకంలో అన్ని పళ్ళకీ పిక్క లోపల ఉంటే దీనికి బయట వేలాడుతుంది. ఫలాన్ని అంటకుండా ఉన్న ఒకే ఒక్క జీవి.

పట్టుపోగు
@జీడితోట అన్నయ్యా, మీ రాత్రి సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మాది బరంపురం, పట్టు నేత కుటుంబం. మగ్గం మా నాన్నతోనే ఆగిపోయింది, మా అన్న మొబైల్ షాపు, నేను బ్యాంకులో.

మా నాన్న మగ్గం గుంటలో కూర్చున్నాడంటే పలకరించకూడదు. చిన్నప్పుడు ఒకసారి షావుకారు మనిషి వచ్చి "ఈ చీర ఎప్పటికవుతుంది, ఎంతకిస్తావ్" అని గుమ్మంలోంచే అడిగాడు. మా నాన్న తలెత్తకుండా "మగ్గం దిగాక రా" అని కసిరాడు. అంచు మీద గుడిగోపురం బూటా వస్తుంది మాకు, ఫోడా కుంభ అంటారు, మెట్టుమెట్టుగా పైకి లేస్తుంది. అందులో ఒక్క పేక తేడా పడిందని సాయంత్రం దాకా నేసింది నాలుగు వేళ్ళ మందం విప్పేశాడు. నేను చూస్తే తేడా కనిపించలేదు. అమ్మ చూసినా కనిపించలేదు. "కట్టుకునేదానికి కూడా కనిపించదు కదండీ" అంది అమ్మ. "నాకు కనిపించింది కదా" అన్నాడు.

ఇదంతా విని ఈయనేదో ఋషి అనుకోకండి. మగ్గం దిగి కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాక షావుకారుతో బేరం చూడాలి! పైసా వదిలేవాడు కాదు. రేటు తగ్గిస్తే చీర మడతపెట్టి లోపల పెట్టేసేవాడు, ఇంట్లో బియ్యం లేకపోయినా. కాబట్టి లెక్కలసారూ, నాకు తోచింది ఒకటే. క్లాసులో ఉన్నప్పుడు మగ్గం మీద ఉన్నట్టు, ఆఫీసు గదిలో అరుగు మీద ఉన్నట్టు. ఆయన మిమ్మల్ని అరుగు మీద కూడా మగ్గంలో ఉన్నట్టు ఉండమంటున్నాడు.

లెక్కలసారు_పర్లా
ఈ మాట రాసి పెట్టుకున్నాను అక్కా.

సూరత్_రిటర్న్
అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నేను కాస్త చెడగొడతాను. గంజాం నుంచి వేలమంది వెళ్ళినట్టే నేనూ సూరత్ వెళ్ళాను, పవర్‌లూమ్‌లో తొమ్మిదేళ్ళు. పన్నెండు గంటల షిఫ్టు. ఒక్కడు చూసే మగ్గాలు ఆరు, ఎనిమిది. అక్కడ పోగు తెగితే అతికించడానికి పరిగెత్తడమే, బూటా లేదు, గోపురం లేదు. మీటరు లెక్కన డబ్బు. ఆ చప్పుడులో పక్కవాడి మాట వినపడక అందరం సైగలతో మాట్లాడుకునేవాళ్ళం, ఇప్పటికీ మా ఆవిడ "అరవకు" అంటుంది.

మీ నాన్నగారు తేడా పడితే విప్పేశారు, ఎందుకంటే అది ఆయన చీర. నేను నేసిన గుడ్డ ఎక్కడికి పోతుందో, దాంతో ఏం కుడతారో నాకు తెలియదు. నాకున్నది మీటరు లెక్క ఒక్కటే. దాని మీద కూడా ఆశ వదులుకోమంటే నా దగ్గర మిగిలేది చెవుడు. అనాసక్తి అనేది పని మీద ప్రేమ ఉన్నవాడికి అందే సుఖం అనిపిస్తుంది నాకు.

పట్టుపోగు
దీనికి నా దగ్గర జవాబు లేదు అన్నా. నిజమే. మా నాన్న మగ్గం ఆయనదే అనే సంగతి నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఎందుకు_ఎందుకు
సూరత్ అన్నకి చప్పట్లు. ఇప్పటిదాకా వచ్చిన వాటిలో ఇదొక్కటే నేల మీద నిలబడి రాసిన పోస్టు.

జీడితోట
ఏటి తమ్ముడూ, మరి నేను గాల్లో నిలబడి గుంటలు తవ్వానా?

ఎందుకు_ఎందుకు
సారీ నాయుడు మామా. రెండు పోస్టులు.

పక్కబెంచీ
నేను ఓపీఎస్సీకి, అంటే ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షకి చదువుతున్నా, మూడో ప్రయత్నం. చరిత్ర పేపరు చదువుతుంటే మీ చర్చకి సరిపోయేది దొరికింది. మన గంజాంలోనే, ఋషికుల్యా ఒడ్డున జౌగడలో అశోకుడి శాసనం ఉంది కదా. కళింగ యుద్ధం గురించి బాధపడే పదమూడో శాసనాన్ని ఇక్కడా, ధౌలిలోనూ చెక్కించలేదు. ఓడినవాళ్ళ ఊళ్ళో ఎందుకులే అనుకున్నాడేమో. దాని బదులు ఇక్కడి అధికారులకి విడిగా రెండు శాసనాలు రాయించాడు. ప్రజలందరూ నా బిడ్డలు అన్న మాట వాటిలోదే. వాటిలో ఒకచోట అధికారులకి చెప్తాడు: అసూయ, కోపం, తొందర, సోమరితనం లేకుండా పని చెయ్యండి, చేస్తే మీకు స్వర్గం వస్తుంది, నా ఋణం కూడా తీరుతుంది అని.

అంటే అశోకుడు ఫలం చూపించి పని చేయించాడు. కృష్ణుడు ఫలం మరిచిపో అన్నాడు. ప్రభుత్వం నడపాలంటే అశోకుడి పద్ధతే పనికొస్తుందేమో?

ఇంకోటి, ఇది నా సొంత గోల. ఫలితం గురించి ఆలోచించకుండా చదువు అని ఇంట్లో అందరూ చెప్తారు. ఫలితం వచ్చిన రోజు అందరూ నా మొహమే చూస్తారు. ఆ టెన్షన్ కృష్ణుడు పడి ఉంటే తెలిసేది.

పాతపుస్తకం
బాబూ, ఆ శాసనంలో "ఋణం" అనే మాట పట్టుకున్నావు, బాగుంది. జీతం తీసుకున్న అధికారి పని బాకీ ఉన్నాడు. పని చేయించుకున్న రాజు జీతం బాకీ ఉన్నాడు. లెక్కలసారు విషయంలో నేను చెప్పిందీ అదే.

మీ ఇంట్లోవాళ్ళ సంగతికి వస్తే, తర్వాతి శ్లోకంలోనే, రెండో అధ్యాయం 48లో, సిద్ధించినా సిద్ధించకపోయినా సమంగా ఉండడమే యోగం అన్నాడు. ఆ సమత్వం నీకొక్కడికే చెప్పింది కాదు, ఆ రోజు నీ మొహం చూసేవాళ్ళకి కూడా.

పక్కబెంచీ
మా నాన్నకి ఈ పోస్టు చూపిస్తాను. మీ పేరు చెప్పి తప్పించుకుంటాను.

నైట్‌డ్యూటీ
ఇప్పుడు టైము రాత్రి రెండున్నర, వార్డు కాస్త సద్దుమణిగింది. నేను నర్సుని, పద్నాలుగేళ్ళ సర్వీసు. ఏ ఆస్పత్రో అడక్కండి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బాబు, నెలలు నిండకుండా పుట్టాడు. మూడు వారాలు నేనే చూశాను. బతికి ఇంటికెళ్ళాడు. వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "నా వల్లే బతికాడు" అనుకున్నాను, పైకి అనకపోయినా. ఆ మరుసటి నెల ఇంకో పాప. అంతే జాగ్రత్తగా చూశాను. నిలవలేదు. బతికినవాడు నా వల్లే బతికితే పోయిన పాప ఎవరి వల్ల పోయినట్టు? నాలుగు రోజులు అన్నం తినలేదు. మా సీనియర్ సిస్టర్, కేరళ ఆవిడ, రోజూ మెడలో శిలువ, ఆవిడ గీత చదివి ఉండదు. "రెండూ నీవి కావు, చార్టు నీది, రాయి" అంది. అప్పటినుంచీ చార్టు రాస్తున్నాను.

ఎందుకు_ఎందుకు
మీ అనుభవం మీద నాకు గౌరవం ఉందండీ. కానీ ఆస్పత్రిలో ఫలితం పట్టించుకోని మనిషి ప్రమాదం కాదా? రోగి బతికినా చచ్చినా నాకొకటే అనే డాక్టర్ దగ్గరికి మీరు మీ పిల్లని తీసుకెళ్తారా?

నైట్‌డ్యూటీ
ఫలితం చూడకపోవడం అని నేననలేదు బాబూ. నాలుగు గంటలకోసారి జ్వరం చూడడం అంటే ఫలితం చూడడమే కదా. మందు పని చెయ్యట్లేదని తెలిస్తే డాక్టర్‌ని నిద్ర లేపుతాను, తిట్టినా సరే. చూడాలి, రాయాలి, మార్చాలి. దాన్ని తెచ్చి నా మెడకి కట్టుకోకూడదు, అంతే. కట్టుకున్న రోజున తర్వాతి పిల్లకి ఇంజెక్షన్ ఇవ్వాలంటే చెయ్యి వణికింది. నాకు తెలిసింది ఇదే. బెల్లు మోగుతోంది, మళ్ళీ వస్తా.

ఎందుకు_ఎందుకు
ఒప్పుకున్నా. ఈ ఒక్కదానికి.

వంశధార_ఒడ్డు
మాది గుణుపూర్. నాలుగు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. మా అమ్మాయికి ఏడేళ్ళు. పుట్టుకతోనే వినపడదు. మా పెద్దత్తగారు ప్రతి పండక్కీ వచ్చి అదే అంటారు, "ఏ జన్మలో ఎవరి మాట వినలేదో, ఈ జన్మలో చెవులు తీసుకున్నాడు, అంతా ఖర్మ" అని. పిల్ల ఎదురుగానే అంటారు, వినపడదుగా అని. వినపడకపోయినా దానికి పెదాలు చదవడం వచ్చు. "ఖర్మ" అనే మాట దానికి బాగా తెలుసు. మొన్న బొమ్మ విరిగిపోతే నాకు చూపించి పెదాలతో అదే అంది.

మీరందరూ జీతం, తోట, మగ్గం అంటున్నారు. పని చేసి ఫలం వదలడం గురించి మాట్లాడుతున్నారు. ఏ పనీ చెయ్యకముందే ఫలం వచ్చిపడిందని అంటే ఏం చెయ్యాలో ఎవరైనా చెప్పండి.

చద్దన్నం
అక్కా, మీ పెద్దత్తగారి ఆగామి కర్మ, అదే ముందు ముందు అనుభవించాల్సింది, ఆ మాటతోనే ఖాతాలో జమైపోయింది. ఇంకోటి జోకు కాదు, నిజంగానే చెప్తున్నా, ఈసారి పండక్కి ఆవిడ వచ్చినప్పుడు అమ్మాయిని మా ఇంటికి పంపండి, రాయగడ ఎంతో దూరం కాదు. మా అమ్మాయికీ ఏడేళ్ళే.

పాతపుస్తకం
అమ్మా, నేను ఇంత చదివి కూడా దీనికి శ్లోకంతో జవాబు చెప్పను. కూడబెట్టుకున్నది సంచితం, ఇప్పుడు అనుభవిస్తున్నది ప్రారబ్ధం, ఇకపై వచ్చేది ఆగామి అని కర్మని మూడుగా విడగొట్టారు పెద్దలు, విల్లు వదిలిన బాణం లాంటిది ప్రారబ్ధం అన్నారు. అదంతా మనిషి తన కష్టాన్ని తాను మొయ్యడానికి చెప్పుకున్న మాట. పక్కవాడి కష్టం మీదికి విసరడానికి కాదు. "గహనా కర్మణో గతిః" అని నాలుగో అధ్యాయంలో కృష్ణుడే అన్నాడు, కర్మ పోకడ లోతైనది, అందదు అని. ఆయనకే లోతైనది మీ పెద్దత్తగారికి అంత తేలిగ్గా ఎలా అందింది?

ఎందుకు_ఎందుకు
దీని మీద బుద్ధుడు చెప్పింది ఒకటి ఉంది. శివకుడనే ఒక పరివ్రాజకుడు వచ్చి, మనిషి పడే ప్రతి సుఖదుఃఖానికీ పూర్వకర్మే కారణమంటారు, మీరేమంటారు అని అడుగుతాడు. బుద్ధుడు కాదంటాడు. పిత్తం, కఫం, వాతం, ఋతువుల మార్పు, దెబ్బలు, ఇలా ఎనిమిది కారణాలు చెప్పి, కర్మ ఫలం వాటిలో ఒకటి మాత్రమే, అన్నీ దాని మీదికి నెట్టేవాళ్ళు హద్దు మీరుతున్నారు అంటాడు. సంయుత్త నికాయం అనే బౌద్ధ గ్రంథంలో ఉంది. కర్మని నమ్మినవాడే అన్నాడండీ ఆ మాట, నాలాంటివాడు కాదు.

పట్టుపోగు
మా పక్కింటి ఒడియావాళ్ళు కష్టం వస్తే "మో కపాళ" అని నుదురు కొట్టుకుంటారు. మనం "నా ఖర్మ" అంటాం. కపాళ అంటే ఎవరో రాసింది, తప్పు నాది కాదు. మన మాటలో తప్పు కూడా మన మీదే పడుతుంది. కర్మ అంటే పని అనే అర్థం పోయి, వత్తు పెట్టుకుని తిట్టయింది.

వంశధార_ఒడ్డు
చద్దన్నం అన్నయ్యా, మెసేజ్ పెట్టాను, చూడండి. మిగతావాళ్ళకి ఏం రాయాలో తెలియడం లేదు. శివకుడి కథ మా ఆయనకి చదివి వినిపించాను, రెండోసారి చదవమన్నారు.

ఎందుకు_ఎందుకు
ఇక అసలు చోటుకి వస్తాను, మాస్టారు కోప్పడకండి. గీతలో "పని" అంటే ఎవరి పని? స్వధర్మం, లోపమున్నా సొంత ధర్మమే మేలు అని రెండుసార్లు చెప్పారు, మూడులోనూ పద్దెనిమిదిలోనూ. పద్దెనిమిదిలో అయితే బ్రాహ్మణుడి పని, క్షత్రియుడి పని, వైశ్యుడి పని, శూద్రుడి పని అని విడిగా పంచిపెట్టి మరీ. అంబేడ్కర్ అందుకే అన్నాడు, గీతలోని కర్మ మీరు అనుకునే "పని" కాదు, మీమాంస సూత్రాలు రాసిన జైమిని చెప్పిన కర్మకాండ, అంటే యజ్ఞాలూ క్రతువులూ, చాతుర్వర్ణ్యాన్ని కాపాడడానికి తత్వం తొడిగారు అని. మీరంతా దాన్ని జీడితోటకీ నర్సు డ్యూటీకీ సర్దుకుంటున్నారు. బాగానే ఉంది, కానీ అది మీ మంచితనం, పుస్తకానిది కాదు.

పాతపుస్తకం
కోపం లేదు. ఆ శ్లోకాలు లేవని నేను అనలేను, ఉన్నాయి. కానీ అదే భారతంలో అరణ్యపర్వం కూడా చదువు. కౌశికుడనే బ్రాహ్మణుడు చూపుతో కొంగని కాల్చేసి, తపస్సు పండిందని గర్వపడి భిక్షకి వెళ్తాడు. ఒక ఇల్లాలు భర్తకి అన్నం పెడుతూ ఇతన్ని గుమ్మంలో నిలబెడుతుంది. కోపంగా చూస్తే "నేను కొంగని కాను" అంటుంది. ఆవిడే ఇతన్ని మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గరికి పంపుతుంది, ధర్మం నేర్చుకోమని. బ్రాహ్మణుడు మాంసం కొట్టు ముందు నిలబడి వింటాడు.

ఎందుకు_ఎందుకు
వింటాడు, సరే. విన్నాక ధర్మవ్యాధుడు కొట్టు మూసి వేరే పని చూసుకున్నాడా? ఇది నా పూర్వజన్మ కర్మ అని చెప్పి అక్కడే మాంసం కోస్తూ కూర్చున్నాడు.

పాతపుస్తకం
అదీ నిజమే. ఇక్కడ మనిద్దరికీ కుదరదు.

సూరత్_రిటర్న్
మాస్టారు "అదీ నిజమే" అన్నారు! స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

చద్దన్నం
జోకులాపి ఒక్కటి చెప్పనివ్వండి. మా తాత వడ్రంగి. పూరీ రథాల సంగతి చెప్తుంటే ఆయన మొహం వేరేలా ఉండేది. అక్షయ తృతీయ నాడు మొదలుపెడతారు. జగన్నాథుడి నందిఘోషకి పదహారు చక్రాలు, బలభద్రుడి రథానికి పద్నాలుగు, సుభద్రమ్మకి పన్నెండు. రెండు నెలలు చెక్కుతారు. తొమ్మిది రోజుల పండగ. అయ్యాక విప్పేస్తారు. మళ్ళీ ఏడు మళ్ళీ కొత్త కర్ర. "విప్పేసేదానికి అంత నగిషీ ఎందుకు తాతా" అని అడిగా చిన్నప్పుడు. "వంకర చక్రం మీద దేవుణ్ణి ఎక్కిస్తావురా?" అన్నాడు. ఆయన పూరీలో ఒక్క మేకు కూడా కొట్టలేదు, మా ఊళ్ళో తలుపులు, మంచాలు చేసుకునేవాడు. కానీ తలుపు వెనక వైపు కూడా చిత్రిక పట్టేవాడు.

జీడితోట
ఆ తలుపులకి కూలి తీసుకునేవాడా?

చద్దన్నం
ముందే తీసుకునేవాడు మామా. సగం అడ్వాన్సు, లేకపోతే ఉలి ముట్టేవాడు కాదు.

లెక్కలసారు_పర్లా
వారం తర్వాత వస్తున్నాను, ఏమైందో చెప్పాలి కదా.

ముగ్గురం కలిసి కాగితం మీద రాసి ఇచ్చాం, తేదీ వేసి, నకలు మీద సంతకం తీసుకుని. పణాలు రాయలేదు, రూపాయలే రాశాం. ఆయన మళ్ళీ క్యాలెండర్ వైపు చూశాడు. నాలుగో పాదం చెప్దామని ఇంటి దగ్గర కంఠతా పట్టి వెళ్ళాను, "మా తే సంగో" దాకా వచ్చి గొంతు పట్టేసింది. పక్కనున్న సైన్సు మేడమ్ మాత్రం "సార్, నెల నెలా కరెంటు బిల్లు కడుతున్నారు కదా, అలాగే" అంది. అంతే. మాస్టారి అర్థశాస్త్రం కన్నా కరెంటు బిల్లే పని చేసింది, ఏమనుకోకండి.

ఈ వారం మధ్యలో పదో తరగతిలో వర్గ సమీకరణాలు చెప్పాను. కోపంతో క్లాసు ఎగ్గొడదామని ఒకరోజు అనిపించింది. చివరి బెంచీ కుర్రాడు ఒకడు, మూడు వారాలుగా వాడికి విచక్షణి ఎక్కడం లేదు, ఆ రోజు బోర్డు దగ్గరికి వచ్చి బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ తనంతట తనే రాశాడు. మైనస్ గుర్తు మర్చిపోయి మళ్ళీ తుడిచి రాశాడు. జీతం సంగతి ఆ పావుగంట గుర్తు రాలేదు, మగ్గం అక్క చెప్పినట్టే.

నిన్న రెండు నెలలది చేతిలో పెట్టారు.

పట్టుపోగు
మూడో నెలది?

లెక్కలసారు_పర్లా
పండగ వెళ్ళాక చూద్దాం అన్నాడు. నేను పదో తారీకు అని కాగితం మీద రాయించుకున్నాను.

జీడితోట
వేసవి సెలవుల జీతం కూడా ఇప్పుడే అడిగేయ్ తమ్ముడూ. వాన పడుతోంది, తోటకి వెళ్తున్నా.